డేటాబేస్ అడిగిన దారి

"రెండో ఇల్లూ పేలిపోయింది. లోపలున్న మనవాళ్లెవరూ మిగల్లేదు," అన్నాడు చీఫ్. "ఇక మిగిలింది మూడోది. అందులో మీ అక్క ఉంది."

ఏజెంట్ డేగ కుర్చీలోంచి లేచాడు. అక్క కూడా ఏజెంటే. కాలికి తూటా తగిలి మంచం దిగలేని స్థితిలో ఉంది.

"మన రహస్య గృహాలు ఎక్కడున్నాయో మన డేటాబేస్‌కి తప్ప ఎవరికీ తెలీదు. దాన్నుంచి బయటికి ఉన్నది ఒక్క లింకే, రోడ్ల మ్యాపుల కోసం. అందులోంచి మ్యాపులు లోపలికి రావడమే గానీ, మన సమాచారం బయటికి పోదు. కనుక్కో!"

ఆ లింకు వేసింది మ్యాప్ మేడమ్. డేగ భార్య. పెళ్లై నెలైంది. ఇంట్లో ఆరు కప్పులున్నా ఇద్దరూ ఒకే కప్పులో కాఫీ తాగుతారు. ఆమె నవ్వితే డేగ కోడ్‌వర్డ్‌లు కూడా మరిచిపోతాడు.

పెట్టుడు మీసం, చేతిలో రిమోట్. ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లోకి దూరాడు. స్క్రీన్ మీద లింకు రాకపోకల చిట్టా తెరిచాడు. నిమిషానికోసారి డేటాబేస్ బయటి సర్వర్‌ని ఒకటే అడుగుతోంది: 'ఈ అక్షాంశం, ఈ రేఖాంశం దగ్గర ఏ రోడ్డుంది?'

చిట్టాలో ఆ అంకెల పక్కన 'మూడో ఇల్లు' అని ఉంది, అంటే అక్క ఉన్న చోటు. సర్వర్ అడ్రస్ మాత్రం మన మ్యాపుల సంస్థది కాదు, శత్రువుది. మార్చిన వారి సంతకం చూసి డేగ కళ్లు మూసుకున్నాడు.

"ఏవండీ, మీసం బాగా నప్పింది."

వెనక ఆమె. చేతిలో సెంటు సీసా.

"అది సెంటు కాదని తెలుసు," అన్నాడు.

"మత్తుమందే. మీ ప్రాణం తీసేంత రాక్షసిని కాదు."

"మా అక్క నిన్ను సొంత చెల్లెలిలా చూసింది కదే!"

"వదిన ఎక్కడుందని నేనెప్పుడైనా అడిగానా?"

"నువ్వెందుకు అడుగుతావు? నీ బదులు డేటాబేస్ అడిగింది."

"డ్రోన్ బయల్దేరిందండీ. లింకు తెంచినా లాభం లేదు. చివరిసారి అందిన చోటికే వెళ్లి పేలుతుంది."

ఆమె సీసా నొక్కింది. డేగ ఊపిరి బిగబట్టి రిమోట్ నొక్కాడు. నెత్తిమీది ఏసీ హోరుమంటూ ఆ తుంపరనంతా ఆమె మొహానికే తిప్పికొట్టింది. కూలిపోతున్నదాన్ని అలవాటుకొద్దీ పట్టుకుని, నెమ్మదిగా కింద పడుకోబెట్టాడు.

లింకు తెంచలేదు. డేటాబేస్‌లో అక్క ఇంటి అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం పెట్టాడు. కొత్తగా చేరినవాళ్లంతా చేసే పొరపాటు. ఈసారి కావాలని చేశాడు. డేటాబేస్ అమాయకంగా మళ్లీ అడిగింది. అక్క వీధి మలుపు దాకా వచ్చిన డ్రోన్ గిరుక్కున తిరిగి, నడిసముద్రం వైపు సాగిపోయింది.

కాసేపటికి ఫోన్ మోగింది.

"ఒరేయ్ తమ్ముడూ, వీధి మలుపు దాకా ఏదో గుయ్యిమని వచ్చి వెళ్లిపోయిందిరా! బతికిపోయాను. రాత్రికి భోజనం పట్టుకుని రండి, మా మరదల్ని కూడా తీసుకురా."

గార్డులు ఆమెను స్ట్రెచర్ మీద ఎక్కిస్తున్నారు. ఆ వైపు చూడకుండా డేగ మీసం పీకేసుకున్నాడు.

"నేనొక్కణ్ణే వస్తానక్కా. తనకి సర్కారువారు భోజనం ఏర్పాటు చేశారు, చాలా ఏళ్లకి."