రోడ్‌స్టర్ టాప్ దింపిందెవరు?

ఉదయం ఏడూ ఇరవై. మెకానిక్ షెడ్డు నేల మీద మేస్త్రి బోర్లా పడి ఉన్నాడు.

తల వెనక భాగం నుజ్జయింది. కుడిచేతి వేళ్లు నాలుగూ విరిగి వెనక్కి వంగాయి. మెడ మీద కమిలిన వేలిముద్రలు. పక్కనే పెద్ద పానా. దాని మీద నెత్తురు, నాలుగైదు నెరిసిన వెంట్రుకలు.

అందరూ అతన్ని చెవి మేస్త్రి అనేవారు. బానెట్ ఎత్తకుండానే శబ్దం విని ఇంజన్ రోగం చెప్పేవాడు. వయసు అరవై ఒకటి. పాత కార్లకు ప్రాణం పోయడం తప్ప మరో వ్యాపకం లేని మనిషి.

ఇన్‌స్పెక్టర్ ఎనిమిదింటికి వచ్చింది. యాభై దాటిన మనిషి. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది.

షెడ్డు మధ్యలో చైన్ పుల్లీకి ఓ లారీ ఇంజన్ వేలాడుతోంది. గోడ పక్కన ముదురు ఎరుపు రోడ్‌స్టర్. రెండే సీట్లు. ముప్పై ఏళ్ల కిందటి బండి, రెండు నెలలుగా రిపేరులో ఉంది. దాని లోహపు టాప్‌ని విడిగా ఓ చెక్క స్టాండుకి, లోపలి వైపు గోడకి తిప్పి ఆనించారు.

శవాన్ని మొదట చూసింది ఎదురు బేకరీ అతను.

"నువ్వేమైనా విన్నావా?"

"ఆరూ ఇరవైకి ఆ ఎర్రబండి ఇంజన్ అరిచింది మేడమ్. నాలుగు నిమిషాలు. నా అద్దాలు అదిరాయి."

"ఎవరైనా కేక వేశారా?"

"వేసినా ఆ మోతలో ఏం వినబడుతుంది?"

డాక్టర్ శవం దగ్గర్నుంచి లేచాడు. "ఏడు దెబ్బలు. ఏదీ చెయ్యి బారుగా ఊపి కొట్టింది కాదు. ఇరుకులో కొట్టినట్టు, పొట్టి దెబ్బలు."

ఇన్‌స్పెక్టర్ చుట్టూ చూసింది. ఇరవై అడుగుల షెడ్డు. ఇరుకెక్కడ?

షెడ్డు తాళాలు మరో ఇద్దరి దగ్గర ఉన్నాయి. ఒకడు మేస్త్రి తమ్ముడు. రెండోవాడు అల్లుడు. ఇద్దరూ అక్కడే పని చేస్తారు. ఒకరంటే ఒకరికి పడదు. మూడేళ్లుగా మాటల్లేవు. పానా కావాలన్నా మధ్యలో మేస్త్రి అందించాల్సిందే.

తమ్ముణ్ణి ముందు పిలిచింది.

"ఆరూ ఇరవైకి ఎక్కడున్నావు?"

"ఇంట్లో. నిద్రలో."

"ఎవరైనా చూశారా?"

"ఒంటరివాణ్ణి. ఎవరు చూస్తారు? మీరు అడగాల్సింది నన్ను కాదు. అల్లుడుగారిని అడగండి. నిన్న అన్నయ్య మీదికి మీదికి వెళ్లాడు."

అల్లుడు కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అతని భార్య, మేస్త్రి కూతురు, కార్లకి సీట్లు, టాప్ లోపలి గుడ్డ లైనింగులు కుడుతుంది. తోలు కొనడానికి తెల్లవారకముందే బస్సెక్కి పక్క ఊరెళ్లిందట.

"ఆరూ ఇరవైకి?"

"ఇంట్లో స్నానం చేస్తున్నా మేడమ్. సాక్ష్యం లేదు. కానీ చిన్నమామ పోయిన వారం మామయ్య మీదికి పానా విసిరాడు. ఆయన్ని పట్టుకోండి."

బయటికి రాగానే హెడ్ కానిస్టేబుల్ తల గోక్కున్నాడు. "ఇద్దర్లో ఒకడే మేడమ్. కోర్టులో వీడు వాణ్ణి చూపిస్తాడు, వాడు వీణ్ణి. అనుమానం చెరిసగం. ఇద్దరూ ఇంటికెళ్తారు."

ఇన్‌స్పెక్టర్ మళ్లీ షెడ్డులోకి వెళ్లింది.

పదింటికి మేస్త్రి కూతురు బస్సు దిగి వచ్చింది. శవాన్ని తీసుకెళ్లిపోయారు. నేల మీద సుద్ద గీత, నెత్తురు మరక. ఆమె వాటి ముందు కూలబడింది. తలెత్తి బండిని చూసింది.

"మేడమ్, టాప్ ఎవరు దింపారు?"

"ఏం?"

"నిన్న సాయంత్రం లైనింగ్ వేశాక నాన్నా నేనూ కలిసి పెట్టాం. పొద్దున నేను నాన్నకి టీ ఇచ్చి వెళ్లినప్పుడు కూడా బండి మీదే ఉంది."

ఇన్‌స్పెక్టర్ స్టాండుని ఇటు తిప్పించింది. లోపల ఉట్టి రేకు. పెట్రోల్ వాసన.

"నేను కుట్టిన గుడ్డేది?" అంది కూతురు.

గుడ్డ షెడ్డు వెనక డ్రమ్ములో దొరికింది. సగం కాలింది. కాలని సగం నెత్తురుతో అట్టకట్టింది.

"ఈ ఇంజన్ గురించి చెప్పమ్మా."

"వి-ఎయిట్. ఐదు లీటర్లు. అటు నాలుగు సిలిండర్లు, ఇటు నాలుగు. ఎనిమిది లీటర్ల ఆయిల్ పడుతుంది. అది వేడెక్కేదాకా పెడల్ గట్టిగా తొక్కితే నాన్న చెంప పగలగొట్టేవాడు."

"మరి పొద్దున అరిపించింది ఆయన కాదన్నమాట. టాప్ బరువెంత?"

"నలభై నాలుగు కిలోలు. బరువుతో కాదు మేడమ్, వెడల్పుతో చిక్కు. చెరోవైపు నించుని ఒకేసారి నిటారుగా లేపాలి. ఒక్కరు లేపితే వంకరై, టాప్ కింద వెనకుండే గుబ్బలు బండి రంగు ఊడగొడతాయి."

రంగు మీద గీత కూడా లేదు. చైన్ పుల్లీకి నిన్నటి నుంచీ లారీ ఇంజనే ఉంది, దాంతో టాప్ ఎత్తే వీలూ లేదు.

పదకొండూ నలభై. ఇద్దర్నీ షెడ్డులోకి పిలిపించింది. కూతురు ద్వారం దగ్గర నించుంది.

"బండిని స్టేషన్‌కి తీసుకెళ్లాలి. టాప్ పెట్టండి."

ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు. తమ్ముడు ఎడమవైపు వెళ్లాడు. అల్లుడు కుడివైపు. ఒక్క తల ఊపు. టాప్ లేచింది, తేలుతున్నట్టు కదిలింది, గుబ్బలు గుంటల్లో దిగాయి. ఎవరూ ఒకటీ రెండూ మూడూ అనలేదు.

"మూడేళ్లుగా మాటల్లేవు," అంది ఇన్‌స్పెక్టర్. "చేతులు మాత్రం బాగానే మాట్లాడుకుంటున్నాయి."

ఆమె డ్రైవర్ సీటు వైపు వేలు చూపింది.

"మేస్త్రిని చంపింది నేల మీద కాదు. ఈ సీట్లో. టాప్ కింద పానా బారుగా ఊపడానికి చోటు లేదు. అందుకే పొట్టి దెబ్బలు, అందుకే ఏడు. ఒకడు పక్కసీట్లోంచి మెడ వంచి, కాలు చాచి పెడల్ తొక్కి ఇంజన్ అరిపించాడు. ఇంకొకడు తలుపులోంచి కొట్టాడు. ఆయన స్టీరింగ్ వదల్లేదు. వేళ్లు విరగ్గొట్టారు. నెత్తురు లైనింగ్‌కి చిమ్మింది. తోలు సీటు తుడిస్తే పోతుంది, గుడ్డ మీది మరక పోదు. అది దొరికితే చంపింది బండిలోనని, ఇద్దరున్నారని తెలిసిపోతుంది. అందుకని టాప్ దింపారు. దింపడానికీ ఇద్దరు కావాలన్నది మరిచారు."

అల్లుడు ఒక్క ఊపున బల్ల మీది సుత్తి అందుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ మీదికి కాదు, తమ్ముడి మీదికి. దెబ్బ దవడకి తగిలింది. పన్ను ఊడి నేల మీద దొర్లింది. హెడ్ కానిస్టేబుల్ అతని చెయ్యి మెలిపెట్టి బానెట్‌కి అదిమాడు.

"నువ్వే టాప్ దింపుదామన్నావు," అని అరిచాడు అల్లుడు. "నువ్వే."

తమ్ముడు నోటి నెత్తురు మింగాడు. కూతురు అతని ఎదుటికి వచ్చి నించుంది.

"బాబాయ్, మెడ పట్టుకుంది ఎవరు?"

"నేనేనమ్మా," అన్నాడు తమ్ముడు.

మిగతాది అతనే చెప్పాడు. రెండు నెలల కిందట ఈ ఎర్రబండి యజమాని భార్య దీన్ని నడుపుతూ ఘాట్ రోడ్డులో రాతిగోడకి కొట్టుకుని చనిపోయింది. స్పీడని అంతా అనుకున్నారు. నిజానికి తెగింది బ్రేకు పైపు. అంతకుముందు బండి సర్వీసుకొచ్చినప్పుడు, మేస్త్రికి తెలియకుండా తుక్కుబండి పైపు ఊడదీసి వీళ్లిద్దరే బిగించారు. మూడేళ్ల పగ నిజమే. రెండు నెలల భయం ఇద్దర్నీ కలిపింది. నిన్న మేస్త్రి ఆ పైపు కనిపెట్టాడు. పొద్దున్నే ఇద్దర్నీ పిలిచి, బండెక్కి స్టేషన్‌కి పోదాం పదండన్నాడు.

తెగిన పైపు షెడ్డు పక్క కాలవలో దొరికింది.

సాయంత్రం నాలుగింటికి బండి యజమాని వచ్చాడు. అతనికి ఇంకా ఏమీ తెలియదు. ఇన్‌స్పెక్టర్ చెప్పబోతే కూతురు ఆపింది.

"నేను చెప్తాను మేడమ్. నాన్న చెప్పాలనుకున్న మాట."

ఆమె అతని ముందుకెళ్లింది.

"మీ ఆవిడ తప్పేం లేదు సార్. బ్రేకు పైపు తెగింది. అది బిగించింది మా వాళ్లే."

అతను బండి వైపు తిరిగాడు.

"బ్రేకు తొక్కిందా?"

"చివరిదాకా తొక్కారు. పెడల్ వంగిపోయిందని నాన్న చెప్పాడు."

"అమ్మ స్పీడుగా నడిపి చచ్చిపోయిందని పిల్లలకి చెప్పాను," అన్నాడతను.

జేబులోంచి ఫోన్ తీశాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. మూడోసారి అవతల పెద్దపిల్ల పలికింది. అతను షెడ్డు మెట్టు మీద కూర్చుని, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.