వాన నీటి దారి

విజయనగరం చేపల బజారులో ఆశ్రిత మొదటిసారి మాట్లాడిన రోజున నలభై మంది ఆడవాళ్లు ఆమెను చూసి నవ్వారు.

అది 2016 జూన్. వాన పడితే ఊళ్లో మోకాలిలోతు నీళ్లు నిలుస్తున్నాయని, ఒక విదేశీ బ్యాంకు ఇచ్చే అప్పుతో పెద్ద కాలవ కట్టాలని నిర్ణయించారు. కాలవ దారిలో బతికేవాళ్ల మాట వినకుండా అప్పు ఇవ్వబోమని ఆ బ్యాంకు షరతు. వినే పని హైదరాబాదు కన్సల్టెన్సీ ఒకటి తీసుకుంది. అందులో సర్వే ఉద్యోగం ఆశ్రితది. ఆ ఊరి సంగీత కళాశాలలోనే వయొలిన్ నేర్పే త్యాగరాజు గారి ఒక్కగానొక్క కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే తండ్రే పెంచాడు. ఇరవై అయిదేళ్లొచ్చినా చేపల బజారులో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు.

"ప్రాజెక్టు ప్రభావిత భాగస్వాములుగా మీ సమ్మతిని..." అని కాగితం చూసి చదవడం మొదలుపెట్టింది. ముందు వరసలో బుట్ట దగ్గర కూర్చున్న లక్ష్మణమ్మ చెయ్యెత్తింది.

"సదవడం బాగానే ఉన్నాది తల్లీ. ఏటి సెప్పినావో ఒక్క ముక్క తెలీనేదు."

బజారంతా నవ్వింది. వెనక గోడకు ఆనుకుని ఉన్న పొడుగాటి యువకుడొకడు ముందుకొచ్చి వాళ్లతో నెమ్మదిగా అన్నాడు. "కాలవ ఈ బజారు మీద నుంచే ఎల్తాది. మీరంతా ఊరి సివరికి ఎల్లిపోవాల. సరేనంటే సంతకాలు ఎట్టమంతన్నారు."

ఒక్కరూ పెట్టలేదు.

ఆశ్రిత బయటికొచ్చి, మధ్యలో తల దూర్చమని మిమ్మల్ని ఎవరడిగారని అతన్ని నిలదీసింది. తన పేరు యుగంధర్ అని, మునిసిపాలిటీలో అసిస్టెంట్ ఇంజినీర్ననీ, చెయ్యెత్తి మాట్లాడినావిడ తన తల్లి అనీ అతను చెప్పాడు. భోగాపురం దగ్గరి సముద్రపు పల్లె నుంచి తెల్లారి మొదటి బస్సులో ఆవిడ మోసుకొచ్చిన బుట్టే తనను చదివించిందన్నాడు. ఆ మాటలు ఎంత మెత్తగా చెప్పాడంటే, తెచ్చుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆశ్రితకు తెలియలేదు.

మర్నాడు ఫారాలు పట్టుకుని ఆమే అతని ఆఫీసుకు వెళ్లింది. ఊరి చివర చేపలు ఎవరు కొంటారని అతనడిగాడు. ఆ ప్రశ్నకు ఆమె ఫారంలో గడి లేదు. వాన పడ్డ రోజున రండి, చూపిస్తానన్నాడు.

మూడు రోజులకే వాన పడింది. మొగిలి రేకు రంగు వెలుతురు, తడిసిన గోడల వాసన, వీధి నిండా పారుతున్న ఎర్రనీళ్లు. గొడుగు ఆమెది, మ్యాపు అతనిది. కాగితం మీద నీళ్లు బజారు గుండా వెళ్తున్నాయి. నిజం నీళ్లు మాత్రం పాత రైస్ మిల్లు దగ్గరే ఒళ్లు విరుచుకుని పక్కకు తిరిగి, వెనకున్న ఖాళీ జాగాలోంచి వెళ్లిపోతున్నాయి. మ్యాపు గీసినవాళ్లు ఎండాకాలంలో వచ్చి ఉంటారని యుగంధర్ అన్నాడు.

ఆ తర్వాత ప్రతి వానకూ ఇద్దరూ నీళ్ల వెంట నడిచారు. పూల కొట్లలో మిగిలిన బంతిపూలు అతను ఈ చివర నీళ్లలో వేసేవాడు. అవి ఆ చివరికి ఎన్ని సెకన్లకు వస్తాయో ఆమె వాచీ చూసి చెప్పాలి. నీటి వేగం అలా తెలుస్తుందట. పసుపు పచ్చగా తిరుగుతూ పువ్వు వచ్చేది, దాని వెనకే చినుకుల్లో తల తుడుచుకుంటూ అతను వచ్చేవాడు. రెండుసార్లు ఆమె వాచీ చూడ్డం మర్చిపోయింది. అతను ఏమీ అడక్కుండా మళ్లీ పువ్వు వేశాడు.

మేఘం పట్టని రోజున ఆశ్రితకు ఏదో పోగొట్టుకున్నట్టుండేది. ఇంట్లో తండ్రి వయొలిన్ శ్రుతి చేసుకుంటుంటే, తను కిటికీలోంచి ఆకాశం చూసేది.

ఆగస్టు చివర ఆమె రిపోర్టు రాసింది. కాలవను మిల్లు వెనక నుంచి తిప్పితే బజారును కదపక్కర్లేదని, అతను గీసిన కొత్త మ్యాపు జతచేసింది. కన్సల్టెన్సీ టీమ్ లీడర్ గణపతిరావు అది చదివి, ఇప్పుడు దారి మారిస్తే అప్పు ఏడాది వెనక్కి పోతుందన్నాడు. ఆ పేజీలు తీసేసి, జనం సానుకూలంగా ఉన్నారని ఒక్క వాక్యం చేర్చి, కింద ఆమె పేరు అలాగే ఉంచి పంపేశాడు.

ఆ కాపీ యుగంధర్ టేబుల్ మీదికి వచ్చింది. ఆమె వెళ్లేసరికి అతను అదే చదువుతున్నాడు.

"దీని మీద మీ పేరుంది" అన్నాడు. జరిగింది చెబుదామని ఆమె నోరు తెరిచేలోపు లేచి వెళ్లిపోయాడు. ఆ వారంలో రెండు మంచి వానలు పడ్డాయి. రెండూ ఎవరి గుమ్మంలో వాళ్లు చూశారు.

సెప్టెంబరులో బ్యాంకు తరఫున ఒక నెరిసిన జుట్టు పెద్దావిడ బజారు చూడటానికి వచ్చింది. ఆవిడకు తెలుగు రాదు. చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులోకి మార్చే పని ఆశ్రితకు పడింది.

లక్ష్మణమ్మ లేచి నిలబడింది. "ఊరి సివరికి ఎల్లమంటే ఎల్తాం. అక్కడ సేపలుంటాయి, మేం ఉంటాం. కొనీవోలు మాత్రం ఉండరు. ఈ నీరు అసలు మా మీద నుంచి ఎల్లదు. మా అబ్బి సూసినాడు. ఈ అమ్మీ సూసింది. అడగండి."

వాళ్లు ఒప్పుకున్నారని చెప్పమని గణపతిరావు పక్కనుంచి సన్నగా అన్నాడు. ఆశ్రిత యుగంధర్ వైపు చూసింది. అతను తల వంచుకుని నేల చూస్తున్నాడు. ఆశ్రిత పెద్దావిడ వైపు తిరిగింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ లక్ష్మణమ్మ అన్నదంతా ఇంగ్లీషులో చెప్పింది. చివర్న, చూసిన ఆ అమ్మాయి తనేననీ, తన రిపోర్టులోంచి ఆ పేజీలు తీసేశారనీ కూడా చెప్పింది.

యుగంధర్ తలెత్తాడు.

పెద్దావిడ ఫైలు మూసి, ఆ దారి చూపించమంది. మిల్లు దాకా అందరూ నడిచారు. యుగంధర్ మ్యాపు పరిచి వివరిస్తుంటే ఆవిడ బురదలో నిలబడి గంటసేపు విన్నది.

అప్పు ఆగింది. కొత్త డిజైను వచ్చాకే మాట్లాడతామన్నారు. నెల తిరక్కుండా ఆశ్రిత ఉద్యోగం పోయింది. సాలూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో పని దొరికితే వెళ్లిపోయింది. ఆమె ఉద్యోగం తన వల్లే పోయిందని యుగంధర్ ఫోన్ చెయ్యలేకపోయాడు. అతనికింకా కోపం పోలేదని ఆమె చెయ్యలేదు.

మళ్లీ జూన్ వచ్చింది. సాలూరులో లారీల మీద టార్పాలిన్లు కడుతుండగా వాన మొదలైంది. ఆఫీసు మెట్ల దగ్గర తడిసి ముద్దయి యుగంధర్ నిలబడి ఉన్నాడు. బ్యాంకు ఒప్పుకుందని, కాలవ మిల్లు వెనక నుంచే వెళ్తుందని, బజారుకు రేకుల షెడ్డు కూడా వేస్తారని చెప్పాడు.

దానికి ఫోన్ చేస్తే సరిపోయేది కదా అంది ఆశ్రిత.

"దానికి ఫోన్ చాలు. ఇంకో మాటుంది." అతను ఒక మెట్టు పైకెక్కాడు. "ఆ రోజు నువ్వు చెప్పబోయింది నేను వినకుండా లేచిపోయాను. అది తప్పు. నువ్వంటే నాకు ఇష్టం ఆశ్రితా. నువ్వు లేకుండా వాన పడితే చూడలేకపోతన్నాను."

మర్యాదలు మరిచి అతను తన ఊరి భాషలోకి జారడం విని, ఆమె కళ్లు నిండాయి.

"ఇది చెప్పడానికి తొమ్మిది నెలలా?"

"సాలూరుకి బస్సులు తక్కువ."

"అరగంటకొకటి ఉంది" అంది ఆమె, అతని చేతిలో చెయ్యి పెట్టి.

ఇక మిగిలింది త్యాగరాజు గారు. ఉల్లిపాయ కూడా గుమ్మం దాటి లోపలికి రాని ఇల్లు. ఆశ్రిత ఇంటికొచ్చి విషయమంతా చెప్పి ఎదురుగా కూర్చుంది. ఆయన నాలుగు రోజులు వయొలిన్ పెట్టె తెరవలేదు. అయిదో రోజు కాఫీ తాగుతూ, ఆ అబ్బాయి తల్లి బజారులో ఎన్నింటిదాకా ఉంటుందని మాత్రం అడిగారు.

తండ్రీ కూతురూ వెళ్లేసరికి కొత్త షెడ్డుకు స్తంభాలు లేస్తున్నాయి. యుగంధర్ కూలీలతో మాట్లాడుతున్నాడు. తెల్లటి ఉత్తరీయంతో వస్తున్న పెద్దమనిషిని చూసి లక్ష్మణమ్మ కంగారుగా లేచింది. గబగబా బుట్టల మీద గోనెపట్టాలు కప్పి, తన పీట కడిగి, దూరంగా వేసింది.

"ఇటేపు కూకోండి బాబూ. గాలి అటునుంచి వస్తాది, మీకు వాసన తగల్దు."

త్యాగరాజు గారు పీట వైపు చూశారు. కప్పిన బుట్టల వైపు చూశారు. కొనడానికి వచ్చిన మనిషొకడు, బుట్టలు కప్పి ఉండటం చూసి వెనక్కి తిరుగుతున్నాడు. ఆయన పీట తీసుకొచ్చి బుట్టల పక్కనే వేసుకుని కూర్చున్నారు. వంగి, రెండు వేళ్లతో ఒక గోనెపట్టా అంచు పట్టి తీశారు. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, మళ్లీ వదిలారు.

"బేరం పోతుందమ్మా. వియ్యపురాలి బుట్టకి నా వల్ల ముసుగెందుకు?"

లక్ష్మణమ్మ ఆశ్రిత ముఖం చూసింది, కొడుకు ముఖం చూసింది. పైట చెంగుతో కళ్లు ఒత్తుకుని, మిగిలిన పట్టాలు కూడా లాగేసింది.

"ఒరే యుగంధరూ" అని పిలిచింది. "అన్నయ్యగారికి టీ సెప్పు."