కళ్ళు తెరిచిన ప్రార్థన

పొద్దున కాఫీలకు ముందు ప్రార్థన చేసుకోవడం ఆ ఇంట్లో అలవాటు. ఆ రోజు ప్రార్థన మధ్యలో సంతోషకుమారి ఒక కన్ను తెరిచి చూసింది. ఎదురుగా భర్త జయరావు రెండు కళ్ళూ తెరుచుకుని, కిటికీ ఊచ పట్టుకుని నిలబడి ఉన్నాడు. రిటైరైన పంతులు, వినుకొండలో సంఘ పెద్ద, నలుగురికీ కళ్ళు మూసుకోండని చెప్పే మనిషి. తన కన్ను ఎందుకు తెరుచుకుందో మాత్రం ఆమె ఆలోచించలేదు.

పెళ్ళయిన కొత్తలో అతను తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక మానేశాడు. ఇప్పుడు పగలంతా బాగానే ఉంటాడు, చీకటి పడితే అడుగు తడబడుతుంది. మొన్న కరెంటు పోయిన సాయంత్రం ప్రార్థన కూడిక నుంచి వస్తూ మిరపకాయ బస్తాల మీద పడ్డాడు. నిన్న ముఖానికి సబ్బు రాసుకుంటూ పంపు దగ్గర తూలాడు. ఆమె అతని చొక్కాలన్నీ వాసన చూసింది. చెమట తప్ప ఏమీ లేదు. వాసన రాకుండా తాగడం కూడా నేర్చాడనుకుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

"ఏవండీ, ఈ నాపరాళ్ళ గీత మీద నడవండి, చూస్తాను" అంది.

"నేనేమన్నా దొంగనా కుమారీ?"

"నడవండి."

అతను పాదాలకేసి చూసుకుంటూ చివరిదాకా నడిచాడు. అయినా ఆమెకు మనసొప్పలేదు.

"ఇప్పుడు కళ్ళు మూసుకుని నిలబడండి."

జయరావు ముఖం పాలిపోయింది. "మూసుకోను."

"దేవుడి ముందు మూయరు, నా ముందు మూయరు. ఆదివారం పాస్టరుగారికి నేనే చెప్తాను. తాగినోడి చేత్తో చర్చిలో రొట్టె, ద్రాక్షారసం ఇప్పించడం నాకిష్టం లేదు."

"అమ్మా, ముందు డాక్టరుకి చూపిద్దాం. ఆ తర్వాత నీ ఇష్టం" అని కూతురు స్తుతి అడ్డం వచ్చింది.

గుంటూరు డాక్టరు కూడా గీత మీదే నడిపించాడు. తర్వాత పాదాలు దగ్గరపెట్టి నిలబడమన్నాడు. "అమ్మా, మీరు వెనక నిలబడండి. సార్, ఇప్పుడు కళ్ళు మూసుకోండి."

జయరావు మూశాడు. మూసీ మూయగానే ఊగాడు, అలాగే వెనక్కి వచ్చి భార్య చేతుల్లో పడ్డాడు.

డాక్టరు అతని బొటనవేలికి ఏదో మోగే కడ్డీ ఆనించాడు. ఏమీ తెలియడం లేదన్నాడు జయరావు. రక్తపరీక్ష చూశాక డాక్టరు చెప్పాడు: "షుగరమ్మా. చాలాకాలంగా ఉన్నట్టుంది. పాదాలకు స్పర్శ పోయింది. ఈయన నేలను కళ్ళతో చూసుకునే నిలబడుతున్నారు. చీకట్లో ఆ ఆసరా కూడా ఉండదు."

బయట బల్ల మీద కూర్చున్నాక సంతోషకుమారి అడిగింది. "నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"కళ్ళు మూస్తే నేల జారిపోయేది కుమారీ. నా పాత పాపాలు దేవుడికి ఇంకా గుర్తున్నాయేమో, నా ప్రార్థన వద్దంటున్నాడేమో అనుకున్నా. అది నీకెలా చెప్పను?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతను తనను నమ్మకపోవడం కాదు, తాను అతన్ని నమ్మకపోవడం ఆమెను కోసేసింది.

మర్నాడు పొద్దున ప్రార్థనకు లేచినప్పుడు అతని చెయ్యి కిటికీ ఊచ కోసం వెతికింది. ఆమె ఆ చేతిని తన భుజం మీద వేసుకుని, నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది.

"కళ్ళు మూసుకోండి. పడనివ్వను."

జయరావు కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన అయ్యేదాకా ఆమె మాత్రం రెప్ప వేయకుండా అతన్నే చూస్తూ నిలబడింది.