కప్తాన్ సాబ్ రెక్కలు

"ఇది ఎవరు కుట్టిన్రు? బ్యాడ్జి తలకిందులుంది!"

హనుమకొండ చౌరస్తాలో దర్జీ కట్టయ్య దుకాణం ముందు, వానకు తడుస్తూ, కెప్టెన్ సారంగపాణి చొక్కా పట్టుకుని నిలబడ్డాడు. ఆరేళ్లు పటాలంలో ఉండి, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదికి, నెల రోజుల సెలవు మీద ఇంటికొచ్చాడు. ఎంత పడుకున్నా తీరని అలసట ఒంట్లో ఉంది.

కుట్టుమిషిను వెనక నుంచి కట్టయ్య కూతురు అనసూయ తలెత్తింది.

"నేనే కుట్టిన. గొడుగును మడిచి పెడితే గట్లనే ఉంటది గద?"

"గొడుగు కాదు, రెక్కల నడుమ పారాచూట్. దీంతోని విమానంలకెల్లి దూకుతం."

"దూకెటోళ్లకు రెక్కలెందుకు, కప్తాన్ సాబ్?"

కోపం రావలసిన చోట సారంగపాణికి నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

మర్నాడు గుండీ ఊడిందని వచ్చాడు. ఆ మర్నాడు ఇంకో గుండీ. నాలుగో రోజు అనసూయ చొక్కాను వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది ఊడలే. కత్తెరతోని కోసిన్రు."

"పటాలం దారాలు గట్లనే తెగుతయి."

"మా బాపుకు చెప్పాల్నా?"

"జర ఆగు," అన్నాడు సారంగపాణి, చెవులు ఎర్రబడుతుండగా.

ఆమె నవ్వాపుకుని బ్యాడ్జి మీద వేలు పెట్టింది. "దీనికి గంత ఇజ్జత్ ఏంది?"

"కోర్సు పాసైనోళ్లకే ఇస్తరు. మా పారాచూట్ దళంల రెక్కలున్నోళ్ల పేర్లే మేజర్ లిస్టుల ముందుంటయి. కడమోళ్లు ఏండ్లకేండ్లు కెప్టెన్లే. వచ్చే నెల మళ్ల దూకాలె. దూకితే నేను మేజర్."

"మరి ఆ మోకాలుకేమైంది?"

"ఏం కాలే."

"రోజూ చూస్తాన. మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకుంటరు."

సారంగపాణి బల్ల మీద కూలబడ్డాడు. ఎవరికీ చెప్పని మాట బయటికొచ్చింది.

"కడసారి దూకినప్పుడు దెబ్బ తాకింది. డాక్టరుకు చెప్తే పేరు కొట్టేసి స్టోర్ల కూసోబెడ్తరు. మా బాపు బజారంతా నా కొడుకు మేజరైతాండని చెప్పుకున్నడు."

"ఎన్నిసార్లు దూకిన్రు?"

"పదకొండు. అన్నీ ట్రైనింగులనే. లడాయిల ఒక్కసారి గూడ దూకలే. ఇంఫాల్ కొండలల్ల నడుచుకుంట పోయినం, మిగిలినోళ్లం నడుచుకుంట వచ్చినం." మోకాలు నిమురుకున్నాడు. "అలసిపోయిన, అనసూయా."

ఆమె ఓదార్చలేదు. చొక్కా చుట్టి అతని ఒళ్లోకి విసిరింది.

"కాలు దాచుకోని దూకెటోళ్లకు నేను గుండీలు కుట్ట. పోండ్రి!"

కోపంతో వెళ్లగొట్టిందనుకున్నాడు. చొక్కా విసిరినప్పుడు ఆమె కళ్లలో నీళ్లున్నాయని, కాజీపేటలో రైలెక్కాక గానీ తట్టలేదు.

దిగీ దిగగానే మిలిటరీ దవాఖానకు పోయి మోకాలు చూపించాడు. లిస్టులో పేరు కొట్టేశారు. తన వెనక చేరిన ఇద్దరు మేజర్లయ్యారు. వాళ్లకు కొట్టిన మొదటి సెల్యూట్ బరువుగా తోచింది. వారం తిరిగేసరికి అదీ అలవాటైంది.

మూడు నెలలకు నాలుగు రోజుల సెలవు దొరికింది. మోకాలి సంగతి, అనసూయ సంగతి విన్న తండ్రి రామలింగం తల వంచుకుని తన బట్టల దుకాణానికి పోయాడు. సారంగపాణి నేరుగా చౌరస్తాకు నడిచాడు.

"డాక్టరుకు చెప్పిన. ఇగ మేజర్ కాను," అన్నాడు అనసూయతో. "నన్ను చేసుకుంటవా?"

ఆమె జవాబు చెప్పేలోపే, లోపల గుడ్డ కత్తిరిస్తున్న కట్టయ్య బయటికొచ్చి వీధి వైపు చూసి గతుక్కుమన్నాడు. రామలింగం మెట్లెక్కుతున్నాడు. ఎక్కి, కొడుకును చూసి, బల్ల మీద కూచున్నాడు.

"వీడు కాలు నొప్పని నీకు చెప్పిండటగద, బిడ్డా," అన్నాడు అనసూయతో. "కన్నతండ్రిని, నాకెందుకు చెప్పలే?"

"మీరు అడగలే, మామా," అంది అనసూయ.

అనేసి నాలుక కరుచుకుంది. ఇన్నాళ్లూ అందరిలాగే ఆమె కూడా ఆయన్ను సేటు అనే పిలిచేది.

రామలింగం కొడుకు వైపు చూశాడు. మెల్లగా ఆయన మీసాలు కదిలాయి.

"కట్టయ్యా, విన్నవా? పిల్ల మామ అన్నది. ఇగ మనం కాదంటే బాగుంటదా?"

అనసూయ తల వంచేసి గబగబా మిషిను తిప్పసాగింది. సూది కింద గుడ్డ లేదని సారంగపాణి చెప్పలేదు.