పాతబట్టల ఇంట్లో మా బావ పళ్ళు

మా వీధి చివర పాతబట్టల ఇల్లు ఒకటుంది. అందులో ఎవరూ కాపురం ఉండరు. జనం ఇచ్చే బట్టలూ సామాన్లూ అక్కడ చేర్చి, పనికొచ్చేవి ఏరి లేనివాళ్ళకి పంపుతుంటారు. ఆ ఇంటికి మంచి పేరు లేదు. చీకటి పడితే లోపల్నుంచి మూలుగు వినిపిస్తుందనీ, తెల్లటి ఆకారం ఒకటి గుట్టల మధ్య కూర్చుని ఏదో చింపుతూ ఉంటుందనీ చెప్పుకుంటారు. అందుకే పొద్దుగూకాక అటు ఎవరూ వెళ్ళరు... ఒట్టేసి మరీ చెబుతారు.

మరి తెల్లారేసరికి ఆ అరుగు మీద చిరిగిన దుప్పట్లు, కాడ విరిగిన గరిటెలు, జత లేని చెప్పులు గుట్టగా ఎలా పడుంటాయని మాత్రం అడక్కండి. పగలు తీసుకెళితే సంచీ విప్పి చూస్తారు, పనికిరానిది వెనక్కిస్తారు. చీకట్లో గిరాటేస్తే ఆ బాధ లేదు, పుణ్యం మాత్రం అంతే.

ఈ చీకటి దాతల్లో అగ్రగణ్యుడు మా బావ. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇంట్లో చెత్త పేరుకుంటే చాలు, ఆయనకి దానగుణం పుట్టుకొస్తుంది.

"ఉతికైనా ఇవ్వండి, జేబులైనా చూడండి" అని మా అక్క మొత్తుకునేది.

"ఊరికే ఇచ్చేదానికి ఇన్ని సోకులా? లేనివాళ్ళకి ఏదైతేనేం!" అనేవాడు.

ఆ రోజు మునిమాపు వేళ ఓ సంచీ అరుగు మీద పడేసి వచ్చి, భోజనానికి కూర్చుంటే — పళ్ళు లేవు! కట్టుడు పళ్ళు. తిన్నాక వాటిని తీసి రుమాల్లో చుట్టి, ఒంటి మీదున్న కోటు జేబులో వేసుకోవడం ఆయన అలవాటు. మధ్యాహ్నం విందుకు వేసుకెళ్ళిన కోటు మోచేతి దగ్గర చిరిగిందని ఆ సంచీలోనే కుక్కాడు.

తెల్లవారితే ఆయనకి సన్మానం. "ఇవ్వడంలో ఆనందం" గురించి ఉపన్యాసం కూడా ఇవ్వాలి. పళ్ళు లేకపోతే బావ నోట గాలి వస్తుంది తప్ప మాట రాదు. ఊరందరి ముందు బోసినోటితో నిలబడే కంటే దెయ్యమే నయమనుకుని బయల్దేరాడు. నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను. ఉప్పూకారం మాత్రం నాది.

అరుగు మీద సంచీ లేదు...

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల కటిక చీకటి. ముక్కిన బట్టల వాసన. అడుగు పెట్టగానే కాలి కింద మెత్తగా ఏదో నలిగింది.

మ్‌మ్‌మ్... మూలుగు. ఆ వెనకే — చర్ర్... చర్ర్...

చప్పుడు ఆగిపోయింది.

"ఏం... పోయింది?"

గుసగుస. చెవి పక్కనే. బావ అటు తిరక్కుండానే నోరు తెరిచాడు.

"ఫ... ఫళ్ళు..."

చీకట్లోంచి తెల్లటి ఆకారం లేచింది. దానికి ముఖం లేదు, కళ్ళు మాత్రం ఉన్నాయి. చల్లటి రేకు డబ్బా ఒకటి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. డబ్బా గలగల్లాడింది. బావ లోపల చెయ్యి పెట్టాడు.

పళ్ళే. ఒక నోటివి కావు... ఎన్నో నోళ్ళవి!

కేక పెట్టబోయాడు. అదీ గాలైపోయింది.

"భయపడకండి బాబూ" అంటూ ఆ ఆకారం ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. బట్టలు ఏరే ఆవిడ! దుమ్ము పడక ఒళ్ళంతా పాత దుప్పటి చుట్టుకుంది. "పగలు తెమలడం లేదు, అందుకే రాత్రీ కూర్చుంటున్నా. తొడగడానికి పనికిరాని చొక్కాలు నేల గుడ్డలకి చింపుతున్నా."

"లైటు వెయ్యొచ్చుగా!" అన్నాడు బావ, ఊపిరి కూడదీసుకుని, సగం మాట సగం గాలిగా.

"దానం చేసిన బల్బులు బస్తాడున్నాయి. ఒక్కటీ వెలగదు. ఆ మూలిగే ఫ్యానూ దానమే."

"మరి ఈ ఫళ్ళు?"

"జేబులు చూడకుండా ఇచ్చినోళ్ళవి. ఒక్కరూ వచ్చి అడగరు బాబూ. అడిగితే చీకట్లో పారేసింది మేమేనని ఒప్పుకోవాలిగా! మీవేవో మీరే చూసుకోండి."

బావ ఆ చీకట్లోనే ఒక్కో సెట్టూ నోట్లో పెట్టుకుని చూశాడు. అవును, అన్నీ నోట్లో పెట్టుకునే చూశాడు. చివరికి ఒకటి టక్కుమని కూర్చుంది. బతుకుజీవుడా అని ఇంటికొచ్చి పడుకున్నాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. శాలువా కప్పాక బావ మైకు ముందుకొచ్చి అందర్నీ చూసి నవ్వాడు. ముందుపన్ను ఒకటి బంగారు రంగులో తళుక్కుమంది.

బావకి బంగారు పన్ను ఏనాడూ లేదు.

అప్పుడే అక్క ఆయాసపడుతూ వేదిక మెట్లెక్కి, రుమాలు మూట ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"ఏమండీ, మీ పళ్ళు సబ్బుపెట్టె వెనకాల ఉన్నాయి. మరి... నోట్లో ఉన్నవి ఎవరివి?"

మెల్లగానే అడిగింది. మైకు మాత్రం హాలంతటికీ వినిపించింది.

వెనక కుర్చీలో సభాధ్యక్షుడు, పొద్దుట్నుంచీ ఒక్క మాటా మాట్లాడకుండా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్న పెద్దమనిషి, సగం లేచాడు. బావ నోటి వంకే కన్నార్పకుండా చూశాడు. చూసి, హాలు నిండా ఉన్న జనాన్ని చూసి... మెల్లగా కూర్చుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.