ఖాళీ మాత్రల స్ట్రిప్

నూజివీడు మామిడి మార్కెట్ వెనకున్న ఆ చిన్న ఆఫీసుకి పూజిత మిట్టమధ్యాహ్నం వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"హర్ష చనిపోయాడండీ. నేనే చంపానంటున్నారు," అంది.

డిటెక్టివ్ కృష్ణకాంత్ మంచినీళ్లిచ్చాడు. ఆమె చెప్పేదంతా అసిస్టెంట్ నిఖిత రాసుకుంది.

పూజిత సబ్‌జైల్లో ఖైదీలకు మత్తు మాన్పించే ఆరోగ్య పాఠాలు చెబుతుంది. మాత్రల కేసులో లోపలికొచ్చిన హర్ష నెలల తరబడి మత్తు జోలికి పోలేదు. మానేసినవాడు మళ్లీ పాత మోతాదు వేసుకుంటే ఒళ్లు తట్టుకోదని, ఊపిరి ఆగిపోతుందని తోటివాళ్లకు తనే చెప్పేవాడు. అలాంటివాడు తల్లి ములాఖత్‌కి వచ్చిన రోజే నిద్రలో పోయాడు. ఒంట్లో మత్తునిచ్చే నొప్పి మాత్రల మందు బయటపడింది. పాఠంలో చూపించడానికి ఆ రోజే పూజిత తీసుకెళ్లిన ఖాళీ స్ట్రిప్ కూడా ఆ మాత్రలదే. నిండు స్ట్రిప్పే తెచ్చిందని పోలీసుల అనుమానం.

కృష్ణకాంత్ ముందు జైలుకి వెళ్లాడు. హర్ష తల్లి తెచ్చిన పొట్లం తానే విప్పి చూశానని, మామిడి తాండ్ర తప్ప ఏమీ లేదని వార్డర్ పరదేశి ఒట్టేశాడు. హర్ష పక్కనే పడుకునే ఖైదీ సలోమోను, వాడు తనకిచ్చిన తాండ్ర ముక్క చేదుగా ఉంటే తినలేకపోయానన్నాడు. హర్ష మాత్రం అమ్మ చేసిందని మిగతాదంతా తిన్నాడట. సలోమోను తన ముక్కని పారెయ్యడానికి మనసొప్పక దాచాడట. కృష్ణకాంత్ ఆ ముక్కని కాగితంలో చుట్టుకున్నాడు.

సాయంత్రం నిఖితతో కలిసి హర్ష ఊరు ముసునూరు వెళ్లాడు. హర్ష తల్లి బుజ్జమ్మ తోటలో రాలిన కాయల మధ్య చతికిలబడి ఉంది. వాడికి ఆ పాడు అలవాటు ఉన్నమాట నిజమేనని ఏడ్చింది.

"ఇంటి దగ్గర వేసుకునేదాంట్లో సగమే కదా బాబూ. సగానికే ప్రాణం పోతుందా?"

నిఖిత కళ్లు చెమర్చాయి. కృష్ణకాంత్ ఇంకేమీ అడక్కుండా లేచాడు.

మర్నాడు జైలు సూపరింటెండెంట్ గదిలో పూజితనీ, పరదేశినీ, బుజ్జమ్మనీ కూర్చోబెట్టాడు. ఎస్సై కూడా వచ్చాడు. కృష్ణకాంత్ తాండ్ర ముక్కని పొరలు పొరలుగా విడదీశాడు. మధ్యలో తెల్లటి పొడి.

"తాండ్ర ఆరాక పొరల మధ్య పొడి చల్లడం ఎవరి తరమూ కాదు. రసం పోసి ఎండబెట్టేటప్పుడే కలపాలి. కాబట్టి ఈ పని పూజితది కాదు, పరదేశిదీ కాదు. హర్ష ఒంట్లోకి ఎంత మందు వెళ్లిందో డాక్టర్లే ఇంకా తేల్చలేదు. సగమని మీకెలా తెలిసిందమ్మా?" అన్నాడు బుజ్జమ్మతో, మెల్లగా.

ఎస్సై తలెత్తి చూశాడు. బుజ్జమ్మ దాచలేదు. కొడుకు జైలుకొచ్చిన కొత్తలో జాలీ అవతల వాంతులు చేసుకుంటూ వణికిపోతుంటే చూసిందట. అప్పటినుంచీ ఆమెకి నిద్ర లేదు. మానేశానని వాడు చెప్పాడు గానీ, ఆ మాట అంతకుముందు ఎన్నిసార్లు చెప్పలేదు? వాడికి తెలియకుండానే తాండ్రలో మాత్రల పొడి కలిపి కాస్త ఊరట ఇద్దామనుకుంది.

"మానేసినవాడికి పాత మోతాదులో సగమైనా ప్రాణాంతకమేనమ్మా," అన్నాడు కృష్ణకాంత్. ఆ మాట అనడం అతనికి ఎంత కష్టమైందో నిఖితకి తెలిసింది.

బుజ్జమ్మ పూజిత వైపు తిరిగింది.

"ఈ సంగతి లోపలున్న వాళ్లందరికీ చెప్పావంటగా తల్లీ. గేటు బయట నిలబడే మాకెందుకు చెప్పలేదు?"

తనమీద నింద తొలగిపోయిందన్న సంగతే పూజితకి తట్టలేదు. వెళ్లి బుజ్జమ్మ పక్కన నేలమీద కూలబడింది.