సూదమ్మ జాన

ఆ రోజు పొద్దున్నే కాఫీ గిన్నె పొయ్యి మీంచి దిగకముందే సూదమ్మ కత్తెర ముందేసుకుని కూర్చుంది. రెండు చుక్కల నూనె వేసింది, పాతగుడ్డతో తుడిచింది, కళ్లకెదురుగా ఎత్తి రెండుసార్లు టకటకలాడించింది. మంగళవారమంటే అంతే మరి. మంగళ, శుక్రవారాలు పది గంటలకు లైబ్రరీ మేడ మీద ఆమె క్లాసు.

ఆసుపత్రి కుట్టుగదిలో ముప్ఫై రెండేళ్లు దుప్పట్లు, గౌన్లు, కర్టెన్లు కుట్టిన మనిషి. అందుకే పేటలో చిన్నాపెద్దా అందరికీ ఆమె సూదమ్మే. భర్త కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి దిగిపోయాడు. రిటైరైనవాళ్లు నలుగురు కలిసి, తమకొచ్చిన పని ఎవరొస్తే వాళ్లకు నేర్పుతామని లైబ్రేరియన్‌ను బతిమాలి, మూతబడి ఉన్న మేడమీది హాలు తీయించుకున్నారు. జీతం లేదు, పరీక్ష లేదు, వయసు అడిగేది లేదు. సూదమ్మ కుట్టుపని, లైన్‌మన్ స్విచ్చిబోర్డులు, హెడ్‌నర్సు గాయాలకు కట్టుకట్టడం, పోస్టుమాస్టరు అర్జీలు రాయడం. మూడు మెట్లెక్కితే ఆయాసపడే లైన్‌మన్ ఆరు నెలలుగా ఆ ముప్ఫై మెట్లూ ఈలవేస్తూ ఎక్కుతున్నాడంటే చూసుకోండి.

"ఏమండీ, టెస్టరు జేబులో పెట్టుకున్నారా? పోయినసారి నా సూదులపెట్టెలో పడేసి క్లాసంతా వెతికించారు."

"పెట్టుకున్నాలే. ముందు నీ మూట కట్టుకో."

"నానమ్మా," అంది తొమ్మిదేళ్ల మనవరాలు బూట్ల లేసు ముడేసుకుంటూ, "నీకివాళ క్లాసు లేదుగా?"

"ఎవరు చెప్పారే?"

"నాన్న. నిన్న పుస్తకం మార్చడానికి నన్ను తీసుకెళ్లాడుగా. మా అమ్మ ఇంక రాదు, బోర్డు మీద పేరు తీసెయ్యండని లైబ్రరీ అంకుల్‌తో చెప్పాడు. అంకుల్ తీయలేదు. అప్పుడు నాన్నే తుడిచేశాడు, జేబురుమాలుతో."

వంటింట్లో కోడలి చేతిలో గరిటె ఆగింది. సూదమ్మ మాత్రం కత్తెరను గుడ్డలో చుట్టి, నిదానంగా లేచింది.

సంగతేమిటంటే, పోయిన వారం ఆమె క్లాసులో ఒక పొరపాటు జరిగింది. హాల్లో ఉన్న పదకొండు కుర్చీలకు కవర్లు కుడదామన్నారు. పదకొండుమంది విద్యార్థులు, తలో కుర్చీ. సూదమ్మ కుర్చీ మీద చెయ్యి పరిచి కొలిచి, "వెడల్పు రెండు జానలు, ఎత్తు మూడు జానల బెత్తెడు, కుట్లకు రెండు వేళ్లు వదలండి," అని చెప్పి పంపింది. వాళ్లు ఇళ్లకెళ్లి ఎవరి జానతో వాళ్లు కొలిచి, కత్తిరించి, కుట్టుకొచ్చారు. పూలకొట్టావిడది చిన్న చెయ్యి. ఆమె కవరు ఏనుగుకు చంటిపిల్ల టోపీ పెట్టినట్టుంది. రిటైరైన బస్సు డ్రైవరుది స్టీరింగు తిప్పిన చెయ్యి; ఆయన కవరు అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టు నేల దాకా జారింది. పదకొండింటిలో ఒక్కటీ సరిపోలేదు.

కుట్టుగదిలో కుట్టేవాళ్లు ఎనిమిదిమంది ఉన్నా గుడ్డ కత్తిరించింది ఎప్పుడూ సూదమ్మ ఒక్కతే. ఓ ఏడు కొత్త మంచాలొచ్చాయి, పాతవాటికంటే బెత్తెడు పొడుగు. ఒక్కసారి చెయ్యి పరిచి చూసి రెండొందల దుప్పట్లు కోసింది, ఒక్కటీ తప్పు పోలేదు. ఆ గదిలో లోకానికంతటికీ జానంటే ఆమె జానే. ఇంకొకరి చెయ్యి ఇంకోలా ఉంటుందన్న ఆలోచన ఆమెకు రావాల్సిన అవసరమే పడలేదు.

కొడుకు అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. కాలేజీలో లెక్కల లెక్చరరు.

"నువ్వు తుడిచావట్రా?"

"అమ్మా, కాలేజీకి టైమవుతోంది. సాయంత్రం మాట్లాడదాం."

"తుడవడానికి టైముంది గానీ చెప్పడానికి లేదా?"

అతను దువ్వెన కింద పెట్టాడు. "సరే, విను. కెమిస్ట్రీ ఆయన తండ్రి నీ క్లాసులోనే ఉన్నాడు. ఆయన కుట్టిన కవరు ఫోటో స్టాఫ్‌రూముకొచ్చింది. లెక్కల మాస్టారి అమ్మగారికి కొలతలు రావట అని ఒకటే నవ్వులు. ఫోన్లో పెద్దది చేసి మరీ చూశారు."

"నువ్వూ చూశావా?"

"చూశాను."

"నవ్వావా?"

అతను మళ్లీ దువ్వెన అందుకున్నాడు.

"నవ్వే ఉంటావు. నేనైనా నవ్వుతాను, అది అలాగే ఉంది మరి. నవ్వనీ. వాళ్ల నవ్వుకు నా సూది విరుగుతుందా?"

"నిన్ను చూసి నవ్వితే నాకు కష్టంగా ఉంటుందమ్మా! చేసినంతకాలం చేశావు. ఇంట్లో హాయిగా కూర్చోవచ్చుగా? కుట్టడం వేరు, నేర్పడం వేరు. నువ్వు చదివింది మూడో తరగతి."

"ఆ మాట అనకుండా ఉండాల్సిందండీ," అంది కోడలు గుమ్మంలోంచి.

"పోయిన నెల నేను వైరు తప్పు కలిపి హాలంతా చీకటి చేశాను," అన్నాడు లైన్‌మన్. "కింద చదువుకునేవాళ్లు కూడా కేకలేశారు. మరి నా పేరు తుడవలేదేంట్రా?"

"అది వేరు నాన్నా."

"ఏం వేరు? నీ స్టాఫ్‌రూముకు ఫోటో రాలేదు, అంతేగా?"

సూదమ్మ చెయ్యెత్తి భర్తను ఆపింది. గొంతు పెంచలేదు. కానీ ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఆమె గొంతు తగ్గిందంటేనే భయపడాలి.

"ఏడో తరగతిలో నీకు లెక్కల్లో పదకొండు మార్కులొచ్చాయి. గుర్తుందా? బడికెళ్లనని నా కుట్టుగదికొచ్చి ఉతికిన దుప్పట్ల గుట్టలో దూరావు. కాళ్లు మాత్రం బయట కనబడుతున్నాయి. నేను నిన్ను దాచానా? చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి క్లాసులో కూర్చోబెట్టి వచ్చాను. తప్పు చేసినవాళ్లంతా బడి మానేస్తే ఇక బళ్లో గోడలే మిగుల్తాయిరా అన్నాను. ఇప్పుడు నన్ను దుప్పట్లలో దాస్తావా నువ్వు?"

"అమ్మా..."

"నీ పేరు కాపాడుకోవడానికి నా పేరు తుడిచావు. పోనీ, సుద్దముక్కతో రాసిందేగా. నేను వెళ్తాను. తప్పు చేశానని వాళ్ల మొహం మీదే చెబుతాను. పదండి, మెట్లెక్కాలి."

సంచి భుజాన వేసుకుని గడప దాటింది. లైన్‌మన్ చెప్పులేసుకుంటూ కొడుకు వైపు ఒకసారి చూసి వెనకే వెళ్లాడు.

లైబ్రరీ మెట్ల దగ్గర నల్లబోర్డు మీద సూదమ్మ పేరున్న చోట ఖాళీ ఉంది. సుద్ద మరక మాత్రం మిగిలింది. లైబ్రేరియన్ లేచి నిలబడి నసిగాడు.

"అమ్మా, మీ అబ్బాయి నిన్న..."

"వాడి సంగతి నాకొదిలెయ్ నాయనా. నువ్వు తాళం తియ్."

పదకొండుమందీ వచ్చారు. సరిపోని కవర్లు తొడిగిన కుర్చీల్లోనే కూర్చున్నారు, మొహామొహాలు చూసుకుంటూ. సూదమ్మ బల్ల మీద టేపు పరిచి, దాని పక్కన తన చెయ్యి పరిచింది.

"తప్పు మీది కాదు, నాది. నా జాన నాది, మీ జాన మీది. ఆ ముక్క నాకు తట్టలేదు."

"పోనిద్దురూ," అన్నాడు బస్సు డ్రైవరు. "నా కవరు చూస్తే మా మనవడు గుడారం వేసుకుంటాడు."

అందరూ నవ్వారు. సూదమ్మా నవ్వింది. తర్వాత టేపు చేతిలోకి తీసుకుంది. చెప్పక్కర్లేదు, ఎవరూ అడగలేదు కూడా. అయినా చెప్పింది.

"మరి టేపుతో ఎందుకు చెప్పలేదంటారా? నాకు టేపు చదవడం రాదు. పెద్ద అంకెలు తెలుసు. వాటి మధ్య చిన్న చిన్న గీతలున్నాయి చూశారూ, అవి తెలీవు. ముప్ఫై రెండేళ్లు మెళ్లో టేపు వేసుకుని తిరిగాను, ఎవ్వరికీ చెప్పలేదు. మా ఆయనొక్కడికే తెలుసు. ఇవాళ చెబుతున్నాను. కుట్టు నేను నేర్పుతాను. గీతలు తెలిసినవాళ్లెవరైనా నాకు నేర్పండి."

పూలకొట్టావిడ మెల్లగా చెయ్యెత్తింది. "నాకూ తెలీవు సూదమ్మా. అడిగితే నవ్వుతారేమోనని ఊరుకున్నా."

ఇంకో ఇద్దరు చేతులెత్తారు. వాళ్లలో ఒకాయన కెమిస్ట్రీ ఆయన తండ్రి.

అప్పుడు తలుపు కిర్రుమంది. సూదమ్మ కొడుకు గుమ్మంలో ఉన్నాడు, భుజాన కాలేజీ సంచితో. తల్లిని ఇంటికి తీసుకెళ్దామని వచ్చినవాడు, "నాకు టేపు చదవడం రాదు" అన్న మాట దగ్గరే తలుపు చాటున ఆగిపోయాడు.

చిన్నప్పుడు సాయంత్రాలు కుట్టుగదికి వెళ్తే అమ్మ గుడ్డ మీద టేపు పరిచి, "ఎంతుందో నువ్వు చెప్పు చూద్దాం," అనేది. వాడు గీతలు లెక్కపెట్టి, "ఇరవై రెండున్నర," అనేవాడు. "శభాష్," అనేది. అమ్మ తనకు పరీక్ష పెడుతోందనుకునేవాడు. ఒక్క గీత తప్పు పోకూడదని కళ్లు చిట్లించి చూసేవాడు. లెక్కలంటే భయం పోయింది, ఇష్టం పుట్టింది ఆ టేపు దగ్గరే. అమ్మకు నిజంగానే తెలియక అడిగిందని ఇన్నేళ్లలో ఒక్కనాడూ తట్టలేదు.

అతను ముందుకొచ్చాడు. "అమ్మా, నాతోనైనా చెప్పి ఉండొచ్చుగా."

"అమ్మకే రానిది నాకెందుకని నువ్వు లెక్కలు మానేస్తావని భయమేసింది. సరేగానీ, ఏడవడం తర్వాత. ఇదిగో సుద్దముక్క. కిందికెళ్లి నువ్వు తుడిచింది నువ్వే రాసిరా. అక్షరాలు వీధిలోంచి కనబడాలి."

"రాస్తాను."

"దాని కింద ఇంకో వరస కూడా. టేపు కొలతలు, సూదమ్మ కొడుకు. ప్రతి మంగళవారం మొదటి అరగంట నీది."

"మరి నా కాలేజీ?"

"మంగళవారం నీకు పదకొండింటికి కదరా మొదటి క్లాసు! నీ టైంటేబులు నాకు తెలీదనుకున్నావా?"

లైన్‌మన్ కిటికీ దగ్గర నిలబడి పైకప్పు వైపు చూస్తూ ఈల అందుకున్నాడు. కళ్లు తుడుచుకోవడం ఎవరికీ కనబడకూడదని అతని తిప్పలు.

కొడుకు దిగి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వేళ్లనిండా సుద్ద. సూదమ్మ అప్పటికే బల్ల వెనక చోటు ఖాళీ చేసి, బస్సు డ్రైవరు లేచి ఇచ్చిన జారుడు కవరు కుర్చీని ముందు వరసలోకి లాక్కుని కూర్చుంది. ఒళ్లో చేతులు పెట్టుకుంది, బళ్లో కూర్చున్నట్టు.

"ఊఁ, చెప్పండి మాస్టారూ. నెమ్మదిగా చెప్పండి. ఇక్కడెవరమూ బడి మానేసేవాళ్లం కాదు."

అతను టేపు తీసి ఆమె ఎదురుగా పరిచాడు. ఒక చిన్న గీత దగ్గర వేలు పెట్టాడు.

"ఇది సగం. అందులో సగం పావు." వేలు ఇంకొంచెం జరిపాడు. "ఇప్పుడిది ఎంతుందో నువ్వు చెప్పు చూద్దాం."

సూదమ్మ కళ్లజోడు సర్దుకుని, ముందుకు వంగింది.